రెండు రాష్ట్రాల జీతం

నిరుడు సెప్టెంబరు మధ్యలో బెంగళూరు ఉద్యోగం మానేసి, రెండేళ్ల పాపతో పుంగనూరుకు, అత్తగారింటికి వచ్చేశాను. మా ఆయనకు కుప్పంలో పని దొరికింది; శనివారాలు వస్తాడు. నేను వారం తిరక్కుండానే మదనపల్లెలో ఒక ప్రైవేటు కాలేజీలో చేరాను. పగలంతా పాపను చూసేది అత్తమ్మే. ఆమెకు మోకాళ్ల నొప్పి. పాపేమో నడవదు, పరుగెత్తుతుంది.

"నా వల్ల కాదమ్మా. ఎవురినన్నా పెట్టు, లేదంటే నువ్వన్నా ఇంట్లో ఉండు" అని ఉగాది నుంచి అంటూనే ఉంది. ఇన్‌కంటాక్స్ వాపసు వస్తుంది, దాంతో ఒక మనిషిని పెడదామని నేనూ చెప్తూనే వచ్చాను. బెంగళూరులో నెలనెలా పన్ను కోశారు, ఇక్కడి జీతం తక్కువ, ఎంతో కొంత తిరిగి రాకుండా పోతుందా అనుకున్నాను. డిగ్రీలో కామర్స్ చదివినదాన్ని మరి.

జులై చివర్లో మదనపల్లెలో ఆడిటర్ దగ్గరికి వెళ్లాను. జీతమెంతో, పన్నెంత కోశారో చూపే ఫారం పదహార్లు రెండు ఆఫీసులవీ పక్కపక్కన పెట్టి చూసి, కళ్లద్దాలు పైకి తోసి, "ఈడ చేరేటప్పుడు బెంగళూరు జీతం ఎంతో రాసిచ్చినావా అమ్మా?" అన్నాడు.

"ఎవరూ అడగలేదు సార్."

"అడగరు. మనమే సెప్పల్ల. ఈ యేడంతా నీకు వాళ్లిచ్చే జీతమొక్కటే అనుకొని కాలేజీవాళ్లు ఒక్క రూపాయి కొయ్యలా. రెండూ కలిపితే బెంగళూరులో కోసింది సాలదు, ఇంకా పన్ను పడతాండాది. వాపసు లేదు, నువ్వే కట్టల్ల."

నేను, నెలనెలా జీతంలోంచి రాష్ట్రానికి పోయే వృత్తి పన్ను మీద పడ్డాను. ఊరు మారిన ఆ ఒక్క సెప్టెంబరుకు కర్ణాటకలోనూ కోశారు, ఆంధ్రాలోనూ కోశారు. "నెల ఒకటే, మనిషినీ ఒకదాన్నే కదా సార్!" అని గొడవ పెట్టుకున్నాను.

"రెండు నూర్ల కోసం రెండు రాష్ట్రాలతో కొట్లాడతావా? ముందు ఇది కట్టమ్మా, గడువు ఈ వారమే" అని నవ్వాడు. ఒళ్లు మండింది. ఎవరి మీద మండాలో మాత్రం తెలియలేదు.

బస్టాండు నుంచి మా ఆయనకు ఫోన్ చేస్తే, "కట్టెయ్, ఏం చేస్తాం" అన్నాడు. మనిషిని పెట్టే మాట ఆయన ఎత్తనే లేదు. అక్కడే, బెంచీ మీద కూర్చుని, ఫోన్లోనే కట్టేశాను.

ఇంటికొచ్చేసరికి పాప అన్నం గిన్నె బోర్లించేసింది. అత్తమ్మ గోడ పట్టుకొని వంగి మెతుకులు ఎత్తుతోంది.

"వచ్చిందా దుడ్డు?"

"రాలేదత్తా. మనమే కట్టాల్సి వచ్చింది."

"ఇచ్చేదీ వాళ్లే, తీసుకునేదీ వాళ్లేనా? బాగుండాది నీ ఉద్యోగం!"

"తప్పు నాదే. చెప్పాల్సింది చెప్పలేదు."

ఆమె మెతుకులు గిన్నెలో వేసి, గోడకానుకొని కూర్చుంది. తర్వాత, "దసరా దాకా పాపను సూస్తా. ఆపైన నీ ఇష్టం. ఆ గుడ్డ తీసుకురా, నేలంతా జిగటగా ఉండాది" అంది.

నేను తుడుస్తుంటే పాప మళ్లీ వీధిలోకి పరుగెత్తింది. ఇద్దరం ఒకేసారి లేవబోయాం. ఆమె మోకాలు పట్టుకొని ఆగిపోయింది. నేను తడి చేతులతోనే వెనక పరుగెత్తాను.