తుర్సున్ అనే పేరు మాన్పించమని నన్ను లెటర్‌కెన్నీకి పంపారు

చెల్లెలు తన బిడ్డకి తుర్సున్ అని పేరు పెడతానంది. అది విని నాన్న శ్రీకాకుళం నుంచి ఫోన్ చేసి, వెళ్ళి దానికి బుద్ధి చెప్పి రమ్మన్నాడు. లాక్‌డౌన్‌లో, ఇల్లు దాటి ఐదు కిలోమీటర్లు పోకూడదన్న రోజుల్లో, ఒక పేరు మాన్పించడానికి నేను ఐర్లండ్ ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళాలట. ఒళ్ళు మండింది. అయినా బయల్దేరాను, బుద్ధి చెప్పడానికి కాదు. చెల్లి పచ్చి బాలింత, భర్త ఇండియాలో చిక్కుకుపోయాడు, వండిపెట్టే దిక్కు లేదు.

డబ్లిన్ పక్కన మా లూకన్‌లో ఉదయం ఏడింటికి కారు తీస్తే, ఎమ్ 50 మీద మూడు యూరోల టోల్ కట్టి, ఎన్ 2 ఎక్కి, మోనహన్, ఓమా మీదుగా లెటర్‌కెన్నీకి మూడు గంటలు. యాష్‌బర్న్ దాటగానే పోలీసులు ఆపారు. ఎక్కడికని అడిగితే, చెల్లి బాలింత, వంట చేయడానికి వెళ్తున్నానని చెప్పాను. పోలీసాయన వెనక సీట్లో కుక్కర్ చూసి, "గ్రాండ్, వెళ్ళండి" అన్నాడు. పరాయి మనిషికి అర్థమైంది కానీ, మోనహన్ చేరేలోపు మూడుసార్లు ఫోన్ చేసిన నాన్నకి అర్థం కాలేదు. "మనింట్లో ఆ పేరేట్రా? నలుగురూ ఏటనుకుంటారు?" అంటాడు. ఆ నలుగురిలో ఒక్కరైనా దానికి ఇంత జావ కాచి ఇచ్చారా?

చెల్లి ఇంటి గేటు దగ్గర మాస్కు పెట్టుకున్న ఒకాయన రొట్టెల సంచి దించి దూరంగా జరిగాడు. ఆయనే తుర్సున్. ఉజ్బెకిస్తాన్ మనిషి, చెల్లితో పాటు నర్సింగ్ హోమ్‌లో ముసలివాళ్ళని చూసుకునే కేరర్. నొప్పులొచ్చినప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్ళింది ఆయనే. పేరుకి అర్థమేమిటని అడిగాను.

"ఉండనీ, అని. మా భాషలో 'తుర్' అంటే నిలబడటం, ఉండటం. నాకు ముందు పుట్టినవాళ్ళు బతకలేదు. వీడైనా ఉండనీ అని అమ్మ పెట్టింది. మా ఊళ్ళో ఇంకా తుర్సున్‌లు ఉన్నారు, అందరిదీ ఇదే కథ."

చెల్లికీ ఈ బిడ్డకి ముందు ఇద్దరు పోయారు. లోపలికి వెళ్ళేసరికి నాన్న మళ్ళీ ఫోన్. పరాయివాళ్ళ పేరు మనకెందుకని మొదలుపెట్టాడు. చెల్లి ఫోన్ లాక్కుని స్పీకర్ పెట్టింది.

"నాన్నా, నీకు తవిటయ్యని ఎందుకు పెట్టారు?"

"ఇప్పుడదెందుకు?"

"చెప్పు."

"పుట్టగానే చేటెడు తవుడుకి పక్కింటోళ్ళకి అమ్మీసి, మళ్ళీ తెచ్చుకున్నారు."

"ఎందుకు?"

"నాకు ముందోళ్ళు దక్కలేదమ్మా."

"నాకూ దక్కలేదు కదా నాన్నా."

ఇది రాస్తున్నప్పుడు కూడా నా కోపం తగ్గలేదు. బిడ్డ దక్కాలన్న భయంతో పెట్టిన పేరునే జీవితమంతా మోసిన మనిషి, కూతురి భయాన్ని పరాయిదని ఎలా అనగలిగాడు? ఈ దారిలో వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట: హోటళ్ళన్నీ మూసే ఉన్నాయి, పెరుగన్నం కట్టుకుని వెళ్ళండి.

వారం తర్వాత తిరిగొస్తుంటే ఓమా దగ్గర నాన్న ఫోన్ చేశాడు. పేరు గురించి ఏమీ అనలేదు.

"తుర్సున్ పాలు తాగుతున్నాడేట్రా?" అని అడిగాడు.