నూట నలభై నాలుగు బొట్లు

సైన్యంలో చేరగానే మంచుకొండలకు పోతానని తిరుపతిలో వీధి వీధంతా చెప్పుకున్నాను. నాకు పడిన పోస్టింగు సత్యవేడు దాటాక ఒక బోడిగుట్ట. జూన్ నెల, మధ్యాహ్నం రెండు గంటలు. తొమ్మిది వందల మెట్లు, భుజాన ట్రంకుపెట్టె. పైన ఒక వైర్‌లెస్ గది, నీళ్ల పీపా, వంటవాడు. నాతో కలిపి దళం ఇద్దరు.

గది కప్పు మీద నాలుగు సోలార్ ప్లేట్లు పరీక్షకు పెట్టారు. వైర్‌లెస్ బ్యాటరీ నింపేది అవే. గంటగంటకూ మీటరు చూసి ఎన్ని ఆంపియర్లు వచ్చాయో నల్లబల్ల మీద సుద్దముక్కతో రాయడం నా డ్యూటీ. అంతకుముందు జనరేటరుండేది. దానికి డీజిల్ డబ్బాలు మోసీ మోసీ వంటవాడి నడుం పడిపోయింది. దసరాకు కెప్టెన్ వస్తాడనీ, ఆ మధ్యాహ్నం పన్నెండుకల్లా ఆరు ఆంపియర్లు దాటకపోతే ప్లేట్లు దించి మళ్లీ జనరేటరే ఎక్కిస్తారనీ ఆర్డరు వచ్చింది. ఇక డబ్బాలు మోయాల్సింది నేనే. మెట్లు గుర్తొస్తే నాకు అన్నం సహించేది కాదు.

ఆయుధపూజ రోజు మబ్బుతునక లేదు. ఎనిమిదింటికి నాలుగు ఆంపియర్లని రాసి, కెప్టెన్‌ను తీసుకురావడానికి గుట్ట దిగాను. పదకొండున్నరకు ఇద్దరం పైకొచ్చేసరికి మీటరు ముల్లు రెండు దగ్గరుంది. ఆయన ముల్లునూ, నన్నూ చూశాడు. నిచ్చెనెక్కాను. ఒక్కో ప్లేటులో ఎండ పట్టే గుండ్రటి బిళ్లలు ముప్పై ఆరు. ప్రతి బిళ్లకూ అరచేయంత చందనం, దాని మీద కుంకుమ. నా తుపాకీకి మాత్రం ఒక్కటే బొట్టు.

వంటవాణ్ణి నిలదీశాను.

"ఇన్ని నెల్లు మన బరువు మోసినాయి గదప్పా. ఒక బిళ్లకు పెట్టి ఇంకోదానికి పెట్టకుంటే ఎట్ట?" అన్నాడు.

తుడవమని గుడ్డ ఇస్తే పక్కన పడేశాడు.

"పండగపూట బొట్టు తుడిసేది నా వల్ల గాదు. అభిషేకం జేస్తా, అదే పోతాది."

పీపాలో ఉన్నవి మా మూడు రోజుల తాగునీళ్లు. కిందనుంచి మోసుకొచ్చినవి. తుడవడానికి నాకూ చేయి రాలేదు. పొయ్యమన్నాను. మొదటి బిందెకు ముల్లు మూడు. రెండోదానికి నాలుగున్నర. పీపా అడుగంటింది. పన్నెండుకు ఐదు నిమిషాలుండగా ముల్లు ఆరు దాటి ఏడు మీద నిలిచింది. బల్ల మీద ఏడని రాస్తుంటే నాకు ఏడుపొచ్చినంత పనైంది. ప్లేట్ల మీంచి జారిన నీళ్లు చెంబులో పట్టుకుని వంటవాడు కిందికి దిగాడు.

రెండేళ్లకు తిరుపతి బస్టాండులో దిగాను. యుద్ధం చూశావా అని ఇప్పటికీ అడుగుతుంటారు. చూడలేదంటాను. కళ్లు మూసుకుంటే కనిపించేది ఒక్కటే. బూట్లు గుమ్మం బయట విడిచిన కెప్టెన్, ముల్లు మీంచి చూపు తిప్పకుండా, తీర్థానికి కుడిచేయి చాపి నిలబడి ఉన్నాడు.