లమ్‌దువాన్ విప్పిన పొగగొట్టం

చెరకు కోతలు మొదలైన రెండో వారంలో ఖమ్‌సింగ్ నడుస్తున్న లారీలోనే స్పృహ తప్పి ఒరిగిపోయాడు. స్టీరింగ్ దగ్గరున్నది అతని భార్య లమ్‌దువాన్. పొద్దుటి చలికి అద్దాలు ఎత్తేసి ఉన్నారు. ఆమెకూ అప్పటికే తల పగిలిపోతోంది. మొగుడి తల తలుపుకు ఠపీమని తగలగానే బండి ఆపి, అతన్ని చంకల్లో చేతులేసి రోడ్డు పక్కకు ఈడ్చింది.

"ఇంజను పొగ పీల్చాడు. ఇంకాసేపుంటే ఇద్దరూ పోయేవాళ్ళు" అన్నాడు ఆస్పత్రిలో డాక్టరు.

లమ్‌దువాన్‌కు ఏడుపు రాలేదు. తిన్నగా వచ్చి లారీ కిందికి దూరింది. ఇరవై రెండేళ్ళుగా ఖోన్‌కెన్ జిల్లా రోడ్ల మీద ఆరు చక్రాల బండి తోలుతున్న మనిషి. నేనూ వాళ్ళు తోలే చక్కెర మిల్లుకే చెరకు తోలేవాణ్ణి కాబట్టి పక్కనే ఉన్నాను. క్యాబిన్ కింద, ఇంజనుకూ సైలెన్సర్‌కూ మధ్య ఉండే ముడుతల పైపుకు నల్ల గుడ్డ చుట్టి, పైన ఏదో జిగురు మెత్తి ఉంది. గోటితో గీకితే రాలిపోయింది. దాని కింద వేలు పట్టేంత పగులు. మిల్లుకొచ్చే ప్రతి బండినీ కోతలకు ముందు మెకానిక్ జరూన్ షెడ్డులో చూపించాలని నియమం. ఆ పైపు కొత్తది వేశానని కాగితం మీద రాసిచ్చింది జరూనే.

మేం షెడ్డుకు వెళ్ళేసరికి అతను బొప్పాయి సలాడ్‌తో జిగురన్నం ముద్దలు తింటున్నాడు.

"పిన్నీ, బండి ముసలిదైంది. నీకూ వయసు మీద పడింది. అమ్మేసి ఇంట్లో కూర్చోరాదూ?"

"నా వయసు సంగతి తర్వాత. గుడ్డ చుట్టింది ఎవరు?"

"గుడ్డ కాదు పిన్నీ, వేడికి తట్టుకునే టేపు."

"నా మొగుడు తట్టుకోలేకపోయాడు" అని వెనక్కి తిరిగింది.

మర్నాడు పాత పైపు చుట్టుకొలత దారంతో తీసుకుని పట్నం వెళ్ళాం. విడిభాగాల కొట్టాయన హెంగ్ ముందుగా తళతళలాడే లావుపాటి గొట్టం తీశాడు.

"ఇది వేస్తే అక్కా, పక్కూరికి కూడా నీ బండి వినిపిస్తుంది."

"నేను తోలేది చెరకు. ఊరేగింపు కాదు."

రెండోదాని రేకు బొటనవేలితో నొక్కితే లోపలికి పోయింది. దాన్ని బల్ల మీదికి తోసేసింది. మూడోది మెరుపులేని బరువైన సైలెన్సర్. దారం పెట్టి చూస్తే మూతి చిన్నది. హెంగ్‌ను మళ్ళీ రెండుసార్లు గోదాములోకి పంపింది. చివరికి సరైనదీ, ఉక్కు తీగల అల్లికున్న ముడుతల పైపూ దొరికాయి.

"బోల్టులు, ప్యాకింగులు పాతవే సరిపోతాయిగా?"

"పాతవి నమ్మే ఆస్పత్రికి పోయొచ్చాం. కొత్తవి ఇవ్వు."

బిగింపు ఎవరికీ అప్పజెప్పలేదు. తుప్పు పట్టిన బోల్టులను తనే కోసింది. నేను కింద పడుకుని సైలెన్సర్ ఎత్తి పట్టుకుంటే, ముందు అన్నీ వదులుగా తగిలించి, పైపు ఎక్కడా లాగకుండా కూర్చుందో లేదో చూసి, ఇంజను వైపు నుంచి వెనక్కి ఒక్కొక్కటే బిగించింది. పొగ కారితే బుడగ లేస్తుందని అతుకుల మీద సబ్బు నీళ్ళు పోసి ఇంజను వేశాం. వెనక గొట్టానికి తడి గోనెసంచి అడ్డం పెడితే, రెండో అతుకు దగ్గర ఒక బుడగ లేచింది.

"ఒక్క బుడగేగా అక్కా" అన్నాను.

"నీ పెళ్ళాన్ని ఇందులో కూర్చోబెట్టి తోలతావా?"

మళ్ళీ కిందికి దూరి సైలెన్సర్ ఎత్తి పట్టుకున్నాను. ఆ అతుకు మొత్తం విప్పి మళ్ళీ బిగించింది.

ఆ మధ్యాహ్నం మిల్లు బయట నలభై లారీలు వరసలో ఉన్నాయి. లమ్‌దువాన్ పాత పైపు భుజాన వేసుకుని బండి బండి దగ్గరికీ వెళ్ళి "కిందికి దూరి చూసుకోండి" అంది. పదకొండు బండ్లకు అదే నల్ల గుడ్డ. అప్పుడామె తన లారీని, ప్రతి బండీ దాటాల్సిన తూకం బల్ల మీదికి ఎక్కించి, ఇంజను ఆపి, తాళం జాకెట్టులో దోపుకుంది.

మిల్లు మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. "బండి తియ్యమ్మా, మిల్లు ఆగిపోతుంది."

"నా మొగుడి ఊపిరి ఆగబోయినప్పుడు మీ మిల్లు ఆగలేదు. జరూన్‌ను పిలిపించండి."

జరూన్ వచ్చాడు. గుడ్డ చుట్టిన బండి ఒకటి చూపించి, లమ్‌దువాన్ గొంతు పెంచకుండానే అంది: "అద్దాలెత్తుకుని, ఇంజను వేసుకుని, అరగంట కూర్చో. నీ టేపు గట్టిదైతే దిగొస్తావు. మేం వెళ్ళిపోతాం."

అతను తలుపు మీద చెయ్యి వేశాడు. ఎక్కలేదు. మా అందరి వైపూ ఒకసారి చూసి, చెయ్యి తీసేశాడు.

ఆ సాయంత్రమే మేనేజరు అతని షెడ్డుతో పొత్తు తెంచేశాడు. పదకొండు బండ్లకూ కొత్త పైపులు పడ్డాకే మళ్ళీ చెరకు ఎక్కించారు. ఖమ్‌సింగ్ కోలుకున్నాడు గానీ అడిగిందే మళ్ళీ అడుగుతాడు. తాడు ముడి వేస్తుంటే చేతులు వణుకుతాయి. అతను చూడకుండా లమ్‌దువాన్ ఆ ముడులు విప్పి మళ్ళీ గట్టిగా కడుతుంది.

కొత్త సంవత్సరానికి జరూన్ బుట్టెడు పళ్ళు పంపించాడు. ఆమె బుట్ట ముట్టుకోకుండా, తెచ్చినవాడితోనే వెనక్కి పంపేసింది.