మా తమ్ముడి రాక్షసుడు, ఆమె మంత్రసాని

2019 అక్టోబరు 13, ఆదివారం, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు, నల్గొండలో మా ఇంటి ముందు గదిలో మా తమ్ముడు రాక్షసుడయ్యాడు. గడియారం చూసి నోటుబుక్కులో రాసుకున్నాను కనుక గంటలో పొరపాటు లేదు.

అది పాచికల ఆట. డిగ్రీ చదువుతున్న మా మనవరాలు, అంటే నా కూతురి బిడ్డ, మాకు నేర్పింది. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవారు తలా ఒక పాత్ర తీసుకుని ఆ కథలో తిరుగుతారు. తలుపు తెరుచుకుందా, దెబ్బ తగిలిందా అన్నది పాచిక తేలుస్తుంది. ప్రతి పాత్రకూ ఒక కాగితం, దాని మీద ప్రాణం ఇంత, బలం ఇంత అని అంకెలు. ముప్పై నాలుగేళ్లు బడిలో లెక్కలు చెప్పినదాన్ని, ఆ అంకెలు చూసి ఆగలేకపోయాను. మే రెండో ఆదివారం మొదలుపెట్టాం. మనవరాలు కథ నడిపేది. భువనగిరి గుట్టలాంటి ఏకశిల మీద ఒక కోట, లోపల దొంగలు, భూతాలు. నేను విలుకత్తెను. బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మా తమ్ముడు కత్తివీరుడు. మా ఇంట్లోనే కిందిభాగంలో కిరాయికి ఉండి బ్లౌజులు కుట్టే ఆమె మంత్రసాని, నాటుమందులతో గాయాలు మాన్పే ముసలామె.

ఆమె ఈ ఆట కోసం ఎంత ఎదురుచూసేదో నాకు తెలుసు. పాచికలు వేసుకోవడానికి బ్లౌజు ముక్కలతో చిన్న సంచి కుట్టి తెచ్చింది. ఒకసారి ఎందుకమ్మా అంత ఇష్టం అని అడిగితే, "వారమంత నన్ను ఎప్పుడిస్తవ్, ఎప్పుడిస్తవ్ అని అడుగుతరు మేడం. ఈడనే ఇప్పుడు నువ్వేం జేస్తవ్ అని అడుగుతరు" అంది.

సెప్టెంబరు చివరి ఆదివారం మా తమ్ముడు ఎవరు చెప్పినా వినకుండా పాడుబడ్డ బావిలోకి దూకాడు. వాడి కత్తివీరుడు చచ్చాడు.

"ఇంకొక్కపారి వేస్త అక్కా, పాచిక చెయ్యిల నుంచి జారింది."

"జారలేదు. నేను చూసిన."

మనవరాలు మెత్తబడబోతుంటే నేనే అడ్డం పడ్డాను. నోటుబుక్కు మొదటి పేజీలో నా చేతితో రాశాను: చచ్చినవారు చచ్చినట్టే, పాచిక రెండోసారి వేయరాదు. నలుగురితో సంతకాలు పెట్టించాను. బతుకమ్మ పండుగకు ఒక ఆదివారం ఆగి, ఆ తర్వాతి వారం వాడు కొత్త కాగితంతో వచ్చాడు.

"రాక్షసులను గూడ తీసుకోవచ్చని నీ ఆట పుస్తకంల ఉన్నదా లేదా?" అని మనవరాలిని అడిగాడు.

"ఉన్నది తాతా, గని అది బాగ పెద్ద ఆటగాళ్లకు."

"నాకు అరవై ఆరేండ్లు. ఇంకెంత పెద్దగ గావాలె?"

అందరం నవ్వాం. ఆ నవ్వే మా కొంప ముంచింది. కాగితం చేతికి తీసుకుని చూస్తే నా ఒళ్లు మండింది. నా విలుకత్తె ప్రాణం పద్దెనిమిది, మంత్రసానిది పదహారు, వాడి రాక్షసుడిది అరవై. నా బాణం తగిలితే సగటున నాలుగున్నర. వాడు ఒక్క వంతులో రెండు దెబ్బలు కొడతాడు, దెబ్బకు పదమూడు. అంటే వాడి ఒక్క వంతుకు సాటి రావాలంటే నేను ఆరు బాణాలు వేయాలి, ఆరూ తగలాలి. పైగా రెక్కలు. ఎగరగలిగినవాడికి కోటగోడ ఎందుకు, గోడెక్కడానికి మేము పేనిన తాడు ఎందుకు?

తర్వాత ఆడిన నాలుగు ఆదివారాలూ లెక్క రాశాను. చచ్చిన శత్రువులు ముప్పై ఒకరు. అందులో వాడు చంపినవారు ఇరవై ఆరు, నేను నలుగురిని, మంత్రసాని ఒకరిని. ఎవరికైనా గాయమైతే కదా ఆమెకు పని! ఆ నాలుగు వారాల్లో ఆమె పాచిక పట్టింది ఏడుసార్లు. అంతకుముందు ఒక్క మధ్యాహ్నమే పది, పన్నెండుసార్లు పట్టేది. ఇప్పుడు సంచి మూతి దారం విప్పుతూ, కడుతూ కూర్చునేది. అది చూసి ఊరుకోవడం నా వల్ల కాలేదు.

"ఇది ఆటనా? నువ్వు ఆడుతున్నవ్, మేం సూస్తున్నం" అన్నాను.

"చిన్నప్పుడు పులి-మేక ఆడలేదా అక్కా? పులికి బలమున్నదని ఏడ్చినవా?"

"ఆడిన. పులులు మూడే, మేకలు పదిహేను. మేకలన్ని కూడితే పులి కదలకుండ కడ్తయి. ఒక ఆట అయినంక పులులను అవుతలోళ్లకు ఇయ్యాలె. నీ రాక్షసుని కట్టేసేటోళ్లెవరు? ఎన్నడన్న ఇంకొకరికి ఇస్తవా?"

"నీ మేకలను నువ్వు కాసుకో పో."

ఆమె వైపు తిరిగి, "నువ్వన్న చెప్పు" అన్నాను. "కాకకు సంబురంగున్నది గద మేడం, ఉండనీ" అంది, మా తమ్ముణ్ని ఉద్దేశించి. అలాంటివాళ్లకే ఎప్పుడూ వంతు తగ్గుతుంది.

మనవరాలు, "లొల్లి పెట్టకు అమ్మమ్మా, నేను జూసుకుంట" అంది. మనవరాలు చూసుకున్న తీరు ఇది: పులిని కట్టడం మాని, అడవినే పెద్దది చేసింది. రాక్షసుడికి సరిజోడు ఉండాలని ఎద్దుతల భూతాన్ని తెచ్చింది. అరవై ప్రాణమున్నవాడిని అలసిపోయేలా కొట్టే భూతం పదహారు ప్రాణమున్న ముసలామెకు తగిలితే ఏమవుతుందో చూసుకోలేదు. చూడవలసింది నేను. ఆ రోజు నేనూ చూడలేదు.

నవంబరు 17, సాయంత్రం నాలుగు గంటల నలభై నిమిషాలు. మా తమ్ముడు రెక్కలతో పైకి ఎగిరాడు. భూతానికి ఎదురుగా నేలమీద మిగిలింది మంత్రసాని. దెబ్బ ఇరవై నాలుగు.

ముందుగా నేనే, "ఇది చెల్లదు, మళ్ల వెయ్యి" అన్నాను.

మా తమ్ముడు నోటుబుక్కు మొదటి పేజీ తెరిచి నా ముందు పెట్టాడు. "ఇది ఎవరి రాత అక్కా?"

ఆమె తన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. "రేపటికి మూడు బ్లౌజులియ్యాలె మేడం" అని కిందికి వెళ్లిపోయింది.

ఆ రాత్రికే మా తమ్ముడికి బుద్ధి వచ్చింది, ఆలస్యంగా. మరుసటి ఆదివారం రాక్షసుడి కాగితం చింపి, ఆ ముక్కలు చేతిలో పట్టుకుని ఆమె గడపలో నిలబడ్డాడు.

"నాదీ సచ్చింది బిడ్డా. ఇగ రా."

"గా రాక్షసుని మీద నాకేం కోపం లేదు కాకా" అంది ఆమె, మిషను ఆపకుండానే.

అప్పుడు నేను నోటుబుక్కు చూపించాను. నా వాక్యాన్ని ఎర్రసిరాతో కొట్టేశాను. నీ మంత్రసాని బతికే ఉందని చెప్పాను. ఆమె మిషను ఆపి ఆ గీత మీద వేలు పెట్టింది.

"నాకోసం కొట్టేసిన్రా మేడం? కాక అడిగినప్పుడే గిది రాసిన్రు గద. సంతకం నేను గూడ పెట్టిన."

నాకు ఇప్పటికీ కోపం ఉంది: వాడి మీద, ఆ పుస్తకం రాసినవాళ్ల మీద, అంకెలు తెలిసి కూడా నవ్విన నా మీద. ముగ్గురం రెండు వారాలు ఆడి మానేశాం.

పోయినవి: మంత్రసాని ఒకరు, ప్రాణం పదహారు. బతుకమ్మకు, దీపావళికి ఆగిన రెండు ఆదివారాలు తీసేస్తే, ఆమె మాతో ఆడిన ఆదివారాలు ఇరవై ఆరు. నాలుగు సంతకాల కట్టుబాటు ఒకటి. ఆదివారం మధ్యాహ్నం మా మెట్లెక్కి వచ్చే మనిషి ఒకరు.

పాచికల సంచి మా దగ్గరే ఉంది. పాచికలు ఏడు, ఏడూ ఉన్నాయి.