మార్తమ్మ టీచర్‌కు నేను పెట్టిన రికార్డింగ్

దేవుడి పనిలో అతి తెలివి చూపిస్తే ఏమవుతుందో తెలుసుకోవాలంటే నన్ను అడగండి. పాల్వంచలో మా చిన్న చర్చిలో, నిండు సభలో, నా పరువు పోయింది. తీసిందెవరో కాదు, నా గొంతే.

అప్పటికి నాకు పెళ్లయి ఏడాది. కరెంటు ప్లాంటులో షిఫ్టు ఉద్యోగం. సండే స్కూల్లో నాకు ప్రార్థన నేర్పిన మార్తమ్మ టీచర్‌కు కంటి ఆపరేషన్ అయింది. మూడు వారాలు ఏమీ చదవొద్దన్నారు. బైబిలు లేకుండా ఆమెకు తెల్లవారదు. "రోజూ పొద్దున ఐదున్నరకు ఫోన్‌లో ఒక కీర్తన చదివి ప్రార్థన చేసేదెవరు?" అని పాస్టరుగారు అడగడమే ఆలస్యం, నా చెయ్యి లేచింది. అందరూ మెచ్చుకోలుగా చూశారు. ఆ చూపుల కోసమే లేచిందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

మొదటి వారం బాగానే గడిచింది. రెండో వారం పొద్దుటి షిఫ్టు పడింది. ఐదూ యాభైకి బస్సు. ప్రార్థన చేస్తే స్నానం లేదు, స్నానం చేస్తే టిఫిన్ లేదు. అందుకని ఆదివారం మధ్యాహ్నం ఒక కీర్తన, ఒక ప్రార్థన నా భార్య సునీత ఫోన్‌లో రికార్డు చేశాను. టీచరమ్మకు నా ఫోన్ కలిపి వందనాలు చెప్పి, పక్కన ఆ రికార్డింగ్ పెట్టి, నేను స్నానానికి పోవడమే!

"దేవుని దగ్గర గూడ డ్యూటీ ఎగ్గొడుతున్నవా?" అంది సునీత.

"ఎగ్గొట్టుడేంది? ప్రార్థన నాదే, గొంతు నాదే."

"మరి నువ్వేడున్నవ్?"

"బాత్రూంల."

ఆమె దుప్పటి ముసుగేసుకుని అటు తిరిగి పడుకుంది.

మూడో వారం మధ్యాహ్నం షిఫ్టు. పొద్దున తీరికే. అయినా రికార్డింగే నడిచింది. నిద్ర తీపి మీకు తెలియనిదా?

ఆ తర్వాతి ఆదివారం, దేవుడు చేసిన మేళ్లు చెప్పుకునే సాక్ష్యాల సమయంలో టీచరమ్మ నల్ల కళ్లద్దాలతో లేచి నిలబడింది.

"డాక్టర్ దగ్గరికి పోయే దినం పొద్దున నాకు మస్తు భయమైంది. చూపు వస్తదో రాదో! ఫోన్‌ల ఈ కొడుకు ప్రార్థన నడుస్తున్నది. ఉండబట్టలేక మధ్యలనే అడిగిన, 'కొడుకా, నా కండ్ల కోసం ఒక్క మాట చెప్పు దేవునికి' అని."

సభంతా నా వైపు తిరిగింది. ఆమె అడిగిన సంగతే నాకు తెలియదు. అయినా వినయంగా తల వంచుకున్నాను.

"అప్పుడు కొడుకేమన్నడో తెలుసా? 'సునీతా, నాలుగు విజిళ్లైనయ్, కుక్కర్ బంద్ చెయ్!'"

చర్చి కప్పు ఎగిరిపోయేంత నవ్వు. పాస్టరుగారు బైబిలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. నేను రికార్డు చేసిన ఆదివారం మా ఇంట్లో మాంసం కూర, ప్రార్థన మధ్యలో నేనేసిన కేక కూడా రికార్డింగ్‌లో పడింది. చేసిన ప్రార్థనను ఒక్కసారి తిరిగి విని ఉంటే కదా!

ఆరాధన అయ్యాక ఆమె ముందు నిలబడ్డాను. "ఎప్పుడు తెలిసింది టీచరమ్మా?"

"రెండో దినమే. రోజూ అదే చోట అదే కేకనాయె."

"మరి అడగలేదేంది?"

"నీకే సిగ్గొస్తదని చూసిన. రాలే. నీ రికార్డింగ్ నడిచినంత సేపు నేనే నీ కోసం ప్రార్థన చేసిన."

"తెలిసి గూడ ఆ దినం నన్నెందుకు అడిగిండ్రు?"

"భయంల మర్చిపోయిన కొడుకా."

అంతమంది నవ్వినప్పుడు రాని ఏడుపు ఆ ఒక్క మాటకు వచ్చింది.

మర్నాడు ఐదున్నరకు నా ఫోనే మోగింది. "నాకు చూపొచ్చింది, నా బైబిలు నేను చదువుకుంట. ఇగ నువ్వు మాట్లాడు, నేను వింట." షిఫ్టు ఏదైనా, ఆమె పోయేదాకా ఆ ఫోన్ ఆగలేదు. ఇప్పుడు మోగదు. అయినా ఐదున్నరకు మెలకువ వస్తుంది, ఆమె వింటున్నట్టే రెండు మాటలు చెప్పుకుంటాను. ఆ పిలుపు కోసం ప్రాణం కొట్టుకుంటుంది.

కాబట్టి సమస్త విశ్వాసుల ఎదుట ప్రమాణం చేస్తున్నాను: బతికున్నంత కాలం నా ప్రార్థన నా నోటితోనే చేస్తాను, తడబడినా సరే. కుక్కర్ మాత్రం ముందే బంద్ చేసి మోకరిస్తాను.