బిలియర్డ్స్ కర్రల పెద్దమ్మ

మా పక్కింటి పెద్దమ్మ మొన్న మంగళవారం పోయింది. నేను బడిలో హాజరు వేస్తుండగా మా వాడ కమ్మరాయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "పెద్దమ్మ లేస్తలేదు పంతులూ. ఒళ్లు సల్లగైంది" అన్నాడు. పిల్లలను పంపేసి వెళ్లాను. చాప మీద పక్కకు తిరిగి పడుకుని ఉంది. జ్వరం లేదు, దగ్గు లేదు. ఏ రోగంతో పోయిందని అడిగినవాళ్లకు నేనేమీ చెప్పలేకపోయాను. మీకు మాత్రం తెలిసినంత చెబుతాను.

ఆమె నాకు చుట్టం కాదు. పాలమూరులో ఒకే గోడకు అటూ ఇటూ పదేళ్లు బతికాం. ఆమె భర్త వడ్రంగి. అధికారుల క్లబ్బులో బిలియర్డ్స్ ఆడే కర్రలు మెరుపు పోయినా, గీతలు పడినా ఆయన దగ్గరికే వచ్చేవి. ఆయన పోయాక కూడా క్లబ్బు నౌకరు అలవాటు కొద్దీ కర్రలు తెచ్చి వాకిట్లో పెట్టి పోయేవాడు. ఆమె వద్దనలేదు. పని చేస్తున్నది ఆడమనిషి అని క్లబ్బులో ఎవరికీ తెలియదు. అడిగినవాళ్లూ లేరు.

పగిలిన గాజుపెంకుతో పాత పాలిష్ గీకేది. గరుకు కాగితంతో కర్ర పొడుగునా రుద్దేది, అడ్డంగా ఎన్నడూ రుద్దలేదు. తడిబట్టతో తుడిస్తే కట్టెకు నూగు లేచేది. నీడన ఆరబెట్టి మళ్లీ రుద్దేది. స్పిరిటులో కరిగిన లక్కను గుడ్డ ఉండతో పల్చగా, పూత మీద పూత, రోజుల తరబడి పట్టించేది. ఆఖరున షాబాదు బండ మీద కర్రను దొర్లించి, వంకర ఉంటే కింద ఎక్కడైనా వెలుతురు కనబడుతుందేమోనని నేలకు చెంప ఆనించి చూసేది.

ఆ వాసన గోడ దాటి వస్తే మా ఆవిడ విసుక్కునేది. అదే మా ఆవిడ టైఫాయిడుతో మంచం పట్టినప్పుడు, నెల రోజులు గంజి కాచి గోడ మీదుగా అందించింది పెద్దమ్మే.

"జర ఆగాలె పంతులూ" అనేది పని గురించి. "ఆరకముందే ఇంకో పూత ఏస్తే పైన మెరుస్తది, లోపల జిగటగనే ఉంటది." ఒకసారి, "గా బల్ల మీద పచ్చ బట్ట పరుస్తరట. నువ్వు చూసినవా?" అని అడిగింది. నేనూ చూడలేదు. మమ్మల్ని లోపలికి ఎవరు రానిస్తారు?

ఆమెకు ఒక్కడే కొడుకు. అమ్రాబాద్ అడవి నుంచి కట్టె తోలే బండి నడిపేవాడు. నిజాం మీద గొడవలు ముదిరిన ఏడాది, అడవిలో దాక్కున్నవాళ్లకు జొన్నలు చేరవేశాడని పోలీసులు పట్టుకుపోయారు. ఎక్కడ పెట్టారో చెప్పలేదు.

వారం తిరగకముందే క్లబ్బు నౌకరు ఒక కర్ర తెచ్చాడు. అది పోలీసు పెద్ద అధికారి సొంత కర్రట. పెద్దమ్మ గోడ మీదుగా నన్ను పిలిచింది. "కొడుకును ఇడిసిపెట్టమని ఉర్దూల అర్జీ రాసియ్యి పంతులూ. గీ కర్ర నేనే తీస్కపోత."

రాసిచ్చాను. ఆ కర్ర పనిలోనే ఆమె పన్నెండు రోజులు కూర్చుంది. అంతటి పని ఆమె చేతిలో కూడా నేను అంతకుముందు చూడలేదు.

అధికారి బంగళాకు ఇద్దరం నడిచి వెళ్లాం. అర్జీ నా జేబులో ఉంది. దారిలో సలహా చెప్పాను. "ముందు కర్ర ఇయ్యి పెద్దమ్మా. చూసి ఖుషీ అయినంక కొడుకు ముచ్చట తియ్యి." నా తెలివి మీద నాకు అప్పట్లో నమ్మకం ఉండేది.

ఆయన వరండాలోకి వచ్చాడు. ఆమె కర్ర అందించింది. కంటికి ఆనించి చూశాడు. అరచేతిలో జార్చి చూశాడు. "బహుత్ ఖూబ్" అని మెచ్చుకున్నాడు. కర్రతో పాటే లోపలికి వెళ్లిపోయాడు. ఆమె "సాబ్, నా కొడుకు" అనేసరికి తలుపు పడింది. జవాను మమ్మల్ని గేటు బయటికి తోలాడు. మళ్లీ నాలుగుసార్లు వెళ్లాం. గేటు దాటనివ్వలేదు.

ఆమె నన్ను నిందించలేదు. చాలా రోజుల తర్వాత, జొన్నలు చెరుగుతూ, నా వైపు చూడకుండానే అంది. "కర్ర నా చేతుల ఉన్నప్పుడే అడగాల్సుండె పంతులూ."

ఆ తర్వాత నౌకరు తెచ్చిన ఏ కర్రనూ ఆమె ముట్టుకోలేదు.

నిజాం పాలన పోయింది. జైళ్లలో ఉన్నవాళ్లను వదులుతున్నారని తెలిశాక ఆమె రోజూ రైలు స్టేషనుకు పోయింది. సెలవు రోజుల్లో నేనూ వెంట ఉండేవాణ్ణి. దిగిన ప్రతివాణ్నీ కొడుకు పేరు చెప్పి అడిగేది. తెలుసన్నవాడు లేడు.

పోవడానికి రెండు రోజుల ముందు, ఆదివారం, ఆమె నాతో చివరిసారి వెళ్లినప్పుడు, గుండు గీసిన ఒక బక్కపలచని యువకుడు దిగాడు. అతని కోసం ఎవరూ రాలేదు. ఎటు పోవాలో తెలియనట్టు నిలబడిపోయాడు. పెద్దమ్మ కొడుకు కోసం తెచ్చిన మంచినీళ్ల చెంబు అతని చేతికిచ్చి, "తాగు బిడ్డా" అంది. అతను తలెత్తి గటగటా తాగుతుంటే ఆ గొంతు వైపే చూస్తూ ఉంది. చెంబు తిరిగిచ్చి, దండం పెట్టి, అతను పట్టాల వెంట నడిచిపోయాడు. ఎండలో అతను చిన్నగా, ఇంకా చిన్నగా అయి కనబడకుండా పోయేదాకా, ఆమె ఖాళీ చెంబును రొమ్ముకు ఆనించుకుని అటే చూస్తూ నిలబడింది.