చూపులు కలవని సీను

1992 వేసవిలో ఫిల్మ్‌నగర్‌లోని ఒక ఎడిటింగ్ గదిలో రెండో అసిస్టెంటుగా చేరాను. ఫిల్మును కోసి అతికించే కాలం అది. వాడని ముక్కలను గుడ్డసంచి మీది కొక్కేలకు తగిలించి, అడిగినప్పుడు తీసివ్వడం నా పని. నోరు తెరవక్కర్లేని ఉద్యోగమని ఇష్టంగా చేసేదాన్ని.

ఒకరోజు షేక్‌పేట నుంచి ఎల్లమ్మ తన డబ్బింగు ఎప్పుడో కనుక్కోవడానికి వచ్చింది. ఏళ్ల తరబడి గుంపు సీన్లలో నిలబడిన మనిషి. ఈ సినిమాలో నాయనమ్మ వేషం, మొదటిసారి మాటలు.

"బిడ్డా, నా మొకం పెద్దగ పడ్డదా? బస్తీల అందరికి చెప్పిన. పడకుంటే నవ్వుతరు" అంది. తలూపాను.

ఆ మధ్యాహ్నమే ఆ సీను కూర్చాం. జూబ్లీహిల్స్‌లో ఒకరింటి తోట, బెంచీ మీద నాయనమ్మ, మనవరాలు. దూరపు షాట్‌లో నాయనమ్మ ఎడమ, మనవరాలు కుడి. మాట్లాడుకునే ఇద్దరి క్లోజప్పుల్లో ఒకరు కుడికి చూస్తే ఇంకొకరు ఎడమకు చూడాలి. ఇక్కడ ఇద్దరూ ఎడమకే చూస్తున్నారు.

"ఇద్దరూ ఒకే బస్సు కోసం చూస్తున్నట్టుందమ్మా" అన్నారు ఎడిటరుగారు. మళ్లీ తీద్దామంటే ఆ ఇల్లు దొరకదు. ఎల్లమ్మ క్లోజప్ తీసేసి, మనవరాలి ముఖం మీద గొంతు మాత్రం వేద్దామన్నారు.

ఎల్లమ్మ చూపు కుడికి మారేలా ఫిల్మును తిరగేసి ముద్రిద్దామన్నాడు మొదటి అసిస్టెంటు.

"పైట కుడి భుజమెక్కుతుంది. షేక్‌పేట ముసలమ్మని గుజరాత్ పంపిస్తావా?" అన్నారు ఎడిటరుగారు.

ఆ క్లోజప్‌ను కొక్కేనికి తగిలించడానికి నాకు చేతులు రాలేదు. వదిలేసిన ముక్కలన్నీ ఫిల్ము చూసే యంత్రం మూవీయోలా మీద వేసి చూశాను. దూరపు షాట్ చివర, మాటలయ్యాక కూడా కెమెరాను కాసేపు ఆపలేదు. అందులో మనవరాలి వేషం వేసిన అమ్మాయి లేచి, ముందు నుంచి నడిచి, తెరమీద నాయనమ్మకు ఎడమవైపు కూర్చుని, ఆమె పైట సర్ది, చెవి దగ్గరికి వంగింది. ఎల్లమ్మకు ఎడమ చెవి, అంటే తెరమీద కుడివైపు చెవి, వినపడదని తర్వాత తెలిసింది. ఆమె క్లోజప్ ఆ అమ్మాయి అటు మారాక తీశారన్నమాట.

"సార్, ఇదొకసారి చూడండి" అన్నాను.

"నీకు మాటలొచ్చా?" అంటూనే రెండుసార్లు చూశారు. మనవరాలి క్లోజప్ తర్వాత ఆ నడకను అతికించి, ఆపైన ఎల్లమ్మ ముఖం వేశారు. ఇప్పుడు ఆమె ఎడమకు చూడటమే సరైంది, మనవరాలు అటే ఉంది కనక.

ప్రివ్యూలో ఎల్లమ్మ నా పక్కన కూర్చుంది. తెరనిండా తన ముఖం రాగానే నా చెయ్యి పట్టుకుని, "గింత ముసల్దాన్నయిననా నేను?" అని నవ్వింది. సీను అయ్యేదాకా వదల్లేదు.

తర్వాత రిటైరయ్యేవరకు, సినిమా నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలకు ఇదే చెప్పాను. మనిషి చోటు మారితే, ఆ మారడాన్ని కూడా తీయండి. మాటలు అయిపోగానే కెమెరా ఆపకండి.